పూల్ సైజు పెంచుతానన్నాను, ఉద్యోగం రాలేదు

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ అయ్యాక అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ కోర్సు చేశాను. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో ‘మీ అప్లికేషన్ మామూలుగా బాగానే నడుస్తోంది, యూజర్లు పెరగ్గానే కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్ అని ఎర్రర్ ఇస్తోంది, ఏం చేస్తారు?’ అని అడిగారు. పూల్ సైజు (డేటాబేస్‌తో మాట్లాడటానికి అప్లికేషన్ తెరిచి ఉంచుకునే కనెక్షన్ల సంఖ్య) 10 నుంచి 100కు పెంచుతానన్నాను. ‘తర్వాత?’ అన్నారు. ఏమీ చెప్పలేకపోయాను. సెలెక్ట్ కాలేదు. ఇప్పుడు మరో కంపెనీ నుంచి ప్రొడక్షన్ సపోర్ట్ (నడుస్తున్న అప్లికేషన్లలో వచ్చే సమస్యలు చూసే పని) ఆఫర్ వచ్చింది. సపోర్ట్‌లో చేరితే ఇక డెవలప్‌మెంట్‌లోకి రాలేవని నాన్నగారు వద్దంటున్నారు. ఇలాంటి సమస్యలు ఎక్కడ నేర్చుకోవాలి? ఆఫర్ తీసుకోవచ్చా? – ఓ విద్యార్థిని, కాకినాడ

జవాబు: పూల్ నిజంగానే చిన్నదైన సందర్భాలు ఉంటాయి కాబట్టి మీ జవాబును పూర్తిగా తప్పనలేం. అయితే ‘తర్వాత?’ అని అడిగారంటే, ఉన్న పది కనెక్షన్లనూ ఎవరు పట్టుకుని కూర్చున్నారో మీరెలా కనిపెడతారో వినాలనుకున్నారన్నమాట. అది తేల్చకుండా సైజు జోలికి వెళ్లడం దగ్గరే ఫ్రెషర్లు ఎక్కువగా దొరికిపోతారు. లేని అనుభవం రెజ్యూమెలో రాసుకొచ్చినవాళ్లూ ఈ ప్రశ్న దగ్గరే బయటపడతారు. ‘రాసేయండి, ఎవరూ చూడరు’ అని మీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటే నమ్మకండి.

ముందు లెక్క చూద్దాం. జావా అప్లికేషన్లకు వాడే స్ప్రింగ్ బూట్ ఫ్రేమ్‌వర్క్‌లో, 2018లో వచ్చిన 2.0 నుంచి డీఫాల్ట్ పూల్ హికారి. అందులో గరిష్ఠంగా 10 కనెక్షన్లు ఉంటాయి. అన్నీ బిజీగా ఉంటే వచ్చిన రిక్వెస్ట్ 30 సెకన్లు ఎదురుచూసి, మీరు చెప్పిన ఎర్రర్‌తో వెనుదిరుగుతుంది. పది కనెక్షన్లంటే తక్కువనిపిస్తుంది గానీ, ఒక్కో పని 10 మిల్లీసెకన్లలో ముగిస్తే ఆ పదే సెకనుకు వెయ్యి పనులు చేయగలవు. అదే ఒక్కో రిక్వెస్ట్ కనెక్షన్‌ను రెండు సెకన్లు అట్టేపెట్టుకుంటే సెకనుకు అయిదింటికి మించి చేయలేవు. హాస్టల్లో పది బకెట్లుంటే అందరి స్నానాలూ అయిపోతాయి, ఒకరు బకెట్ గదిలో పెట్టుకుని తాళం వేసి ఊరెళ్లిపోనంత వరకూ.

ఇక 100కు పెంచితే ఏమవుతుంది? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డీఫాల్ట్‌గా మొత్తం 100 కనెక్షన్లకే ఒప్పుకుంటుంది, వాటిలోనూ 3 సూపర్‌యూజర్ (అడ్మిన్) కోసం ఉంచుకుంటుంది. మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ఆ పరిమితి 151. మీ అప్లికేషన్ రెండు సర్వర్ల మీద నడుస్తుంటే ఒక్కోటి వంద అడుగుతుంది. అప్పుడు డేటాబేసే ఇక కొత్త కనెక్షన్లు ఇవ్వనంటుంది. పైగా పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఒక ప్రాసెస్ నడుపుతుంది. ప్రాసెసర్ కోర్లు నాలుగే ఉన్నప్పుడు వంద క్వెరీలు ఒకేసారి దూరితే ఏదీ త్వరగా తెమలదు. సమస్య తీరకపోగా, డేటాబేస్ వాడుతున్న మిగతా అప్లికేషన్లనూ ముంచుతుంది.

కాబట్టి ఆ ఎర్రర్ కనిపించగానే ముందు హికారి డీబగ్ లాగ్‌లో పూల్ లెక్కలు చూడాలి. టోటల్ 10, యాక్టివ్ 10, ఐడిల్ 0, వెయిటింగ్ 25 అని ఉంటే కనెక్షన్లున్నాయి, ఎవరో వదలడం లేదు. టోటల్ సున్నా అయితే అసలు కొత్త కనెక్షన్ పుట్టడమే లేదు. అప్పుడు కోడ్ వదిలేసి పాస్‌వర్డ్, నెట్‌వర్క్, డేటాబేస్ పరిమితి చూడాలి. ఈ ఒక్క తేడా చెప్పగలిగినా ఇంటర్వ్యూలో మీ మాటకు విలువ పెరుగుతుంది.

వదలడం లేదంటే అది లీకా, ఆలస్యమా? రద్దీ తగ్గాక యాక్టివ్ అంకె కిందికి దిగితే ఆలస్యం. అర్ధరాత్రి యూజర్లు ఎవరూ లేనప్పుడు కూడా 10 దగ్గరే బిగుసుకుపోతే లీక్, అంటే ఎక్కడో కనెక్షన్ తీసుకుని క్లోజ్ చేయడం మరిచిన కోడ్ ఉంది. హికారిలో లీక్ డిటెక్షన్ త్రెషోల్డ్ అనే సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దానికి 10 సెకన్లు ఇస్తే, అంతకు మించి కనెక్షన్‌ను ఉంచుకున్న కోడ్ తాలూకు స్టాక్ ట్రేస్ (ఏ మెథడ్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితా) లాగ్‌లో పడుతుంది. అయితే అది నివేదిస్తుందే తప్ప కనెక్షన్‌ను లాక్కోదు. నిదానంగా నడిచే మామూలు క్వెరీని కూడా లీక్ అని అనుమానిస్తుంది.

ఆ తర్వాత డేటాబేస్ వైపు నుంచి చూడాలి. చాలామంది ఫ్రెషర్లు ఇటువైపు రారు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ అనే వ్యూ, మైఎస్‌క్యూఎల్‌లో షో ప్రాసెస్‌లిస్ట్ కమాండ్ ఉన్నాయి. సెషన్లు ‘యాక్టివ్’గా ఉంటే క్వెరీ నిదానం లేదా లాక్ కోసం ఎదురుచూపు. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి, ఇండెక్స్ వాడుతోందో లేదో చూడండి. ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని ఉంటే డేటాబేస్ పాపం ఖాళీగానే ఉంది, మీ అప్లికేషనే ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి పూర్తవ్వాల్సిన డేటాబేస్ పనుల గుంపు) తెరిచి ఇంకేదో పని చూసుకుంటోంది.

ఆ ఇంకేదో పని చాలాసార్లు బయటి సర్వీసుకు కాల్. ట్రాన్సాక్షనల్ అనొటేషన్ (మెథడ్ మొత్తాన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో నడపమనే గుర్తు) పెట్టిన మెథడ్ లోపల పేమెంట్ గేట్‌వేనో, ఎస్సెమ్మెస్ సర్వీస్‌నో పిలిస్తే, అది జవాబిచ్చేదాకా కనెక్షన్ ఇక్కడే ఇరుక్కుంటుంది. పై లెక్కలోని రెండు సెకన్లు ఇవే. ఆ కాల్‌ను ట్రాన్సాక్షన్ బయటికి తేవాలి. అయితే స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్ (రిక్వెస్ట్ ముగిసేదాకా డేటాబేస్ సెషన్‌ను తెరిచి ఉంచేది) డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. దానివల్ల ట్రాన్సాక్షన్ ముగిసినా రిక్వెస్ట్ పూర్తయ్యేదాకా కనెక్షన్ వదలకపోవచ్చు. కోర్సుల్లో దీని ఊసు రావడం అరుదు.

ఇంకో చిక్కు రిక్వైర్స్ న్యూ, అంటే విడిగా కొత్త ట్రాన్సాక్షన్ తెరవమనే సెట్టింగ్. ఒక ట్రాన్సాక్షన్ మధ్యలో దీనితో మరొకటి మొదలుపెడితే అదే థ్రెడ్‌కు (ఒక రిక్వెస్ట్‌ను నడిపే పనివరుసకు) రెండో కనెక్షన్ కావాలి. పది థ్రెడ్లు తలా ఒకటి పట్టుకుని, అందరూ రెండోదాని కోసం ఎదురుచూస్తే ఎవరికీ దొరకదు. డేటాబేస్‌లో ఒక్క క్వెరీ కూడా నడవదు, అప్లికేషన్ మాత్రం కొయ్యబారిపోతుంది. జావాతో వచ్చే జేస్టాక్ టూల్‌తో థ్రెడ్ డంప్ (ఆ క్షణంలో ప్రతి థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితా) తీస్తే అన్ని థ్రెడ్లూ గెట్ కనెక్షన్ దగ్గరే ఆగి కనిపిస్తాయి.

ఇవన్నీ చూశాక, క్వెరీలు వేగంగా నడుస్తూ, కనెక్షన్లు వెంటనే తిరిగొస్తూ, అయినా క్యూ పెరుగుతుంటే అప్పుడు సైజు పెంచే మాట ఎత్తండి. అదీ సర్వర్ల సంఖ్యతో గుణించి, డేటాబేస్ పరిమితితో పోల్చి.

నేర్చుకోవడానికి మరో కోర్సుకు డబ్బు కట్టకండి. మీ ల్యాప్‌టాప్ చాలు. డాకర్‌లో పోస్ట్‌గ్రెస్, పక్కన చిన్న స్ప్రింగ్ బూట్ అప్లికేషన్ పెట్టుకోండి. పూల్ సైజు 2, ఎదురుచూసే సమయం 3 సెకన్లు చేయండి. పీజీ స్లీప్‌తో అయిదు సెకన్లు పట్టే క్వెరీ రాసి, లోడ్ టెస్టింగ్ టూల్ జేమీటర్ నుంచి 20 రిక్వెస్టులు ఒకేసారి పంపండి. ఇంటర్వ్యూలో విన్న ఎర్రర్ మీ కళ్లముందే వస్తుంది. తర్వాత కావాలనే క్లోజ్ మరిచిన కోడ్ రాయండి, రిక్వైర్స్ న్యూతో మొత్తం ఆపేయండి, ప్రతిసారీ లాగ్, థ్రెడ్ డంప్, డేటాబేస్ సెషన్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఏ లక్షణం నుంచి ఏ కారణానికి ఎలా చేరారో గిట్‌హబ్‌లో రాసిపెట్టండి. ఇంకో షాపింగ్ కార్ట్ ప్రాజెక్టు కంటే నేనైతే దీన్నే రెజ్యూమెలో పైన పెట్టమంటాను.

ఇక ఆఫర్ సంగతి. మీ నాన్నగారి భయానికి కారణం ఉంది. టికెట్ రాగానే ఇంకో టీమ్‌కు తోసేసి, స్టేటస్ మెయిల్ పంపడమే పనిగా ఉండే ఎల్1 (మొదటి స్థాయి సపోర్ట్) ఉద్యోగాల్లో ఏళ్లు గడిచినా కోడ్ ముట్టుకునే అవకాశం రాకపోవచ్చు. కానీ సమస్య లోతుకు వెళ్లే ఎల్2, ఎల్3 సపోర్ట్ వేరు. పైన రాసిన సమస్యలు నిజంగా కనిపించేది అక్కడే. వాటిని విప్పడం వచ్చినవాళ్లకు బ్యాకెండ్ డెవలపర్‌గానో, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్‌గానో, డేటాబేస్ వైపో వెళ్లడానికి దారి ఉంటుంది.

అందుకే హెచ్ఆర్‌ను కాకుండా, వీలైతే మీరు పనిచేయబోయే టీమ్ లీడ్‌ను అడగండి. ప్రొడక్షన్ లాగ్స్ నేను చూడొచ్చా? సోర్స్ కోడ్ చదివే అనుమతి ఉంటుందా? సమస్య తీరాక ఆర్‌సీఏ రిపోర్ట్ (అసలు కారణం ఏమిటో చెప్పే నివేదిక) రాసేది మీ టీమేనా? చిన్న బగ్‌లు మీరే సరిచేస్తారా? ఈ నాలుగింటిలో మూడింటికి అవునంటే చేరండి, నాన్నగారికి ఆ జవాబులే చూపించండి. అన్నింటికీ కాదంటే, ఇంట్లో డబ్బు ఇబ్బంది లేకపోతే మరికొన్నాళ్లు వెతకండి. ఇబ్బంది ఉంటే చేరి, ల్యాప్‌టాప్ సాధన ఆపకుండా ఏడాదిలోపు మారేలా చూసుకోండి. కానీ అప్పుడు బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, రాత్రి షిఫ్టులు నెలకు ఎన్నో సంతకానికి ముందే రాతలో తీసుకోండి.