చిన్న లేత్‌కు కార్బైడ్ టిప్పులు ఎందుకు నిలవవు?

కొత్తగా కొన్న చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మిషన్) మీద కార్బైడ్ టిప్పులు (టూల్ కొసన బిగించే కోత ముక్కలు) వరసగా విరుగుతున్నాయి, ఏ టూల్ కొనాలి అని అడిగారు. హనుమకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ పెట్టిన కొత్తలో నాదీ ఇదే అవస్థ. మొదటి నెలలోనే ఆరు టిప్పులు పోయాయి.

కాజీపేట లోకో షెడ్డులో టర్నరుగా చేసి రిటైరైన మా పెదనాన్న ఒకరోజు నా పని చూసి, "గొడ్డలితో గడ్డం గీస్తున్నావేమిరా?" అన్నారు. కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు. అందుకే మామూలు టిప్పుల అంచును కావాలనే కాస్త మొద్దుగా ఉంచుతారు. పెద్ద మిషన్ నొక్కి కోస్తుంది. మన మిషన్‌కు అంత బలం ఉండదు కాబట్టి టూల్ రుద్దుకుంటుంది, జాబ్ (తిరిగే లోహపు ముక్క) అదురుతుంది, టిప్పు పెచ్చులూడుతుంది. కార్బైడే కావాలంటే అల్యూమినియం కోసమని అమ్మే పదునంచు టిప్పులు తీసుకోండి, అవి మైల్డ్ స్టీల్‌కూ పనికొస్తాయి.

నేను మాత్రం హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లకే మారిపోయాను. ఎం2 రకం చాలు. స్టెయిన్‌లెస్ స్టీల్ ఎక్కువ తిప్పేవారికి 5 శాతం కోబాల్ట్ ఉన్న ఎం35 మేలు. సాన పట్టడానికి తెల్లరాయి గానీ బూడిదరంగు రాయి గానీ వాడండి. ఆకుపచ్చ రాయి కార్బైడ్‌కు. బిట్ ముందు ముఖాన్నీ పక్క ముఖాన్నీ కిందికి 8 నుంచి 10 డిగ్రీలు లోపలికి వాలేలా అరగదీయాలి. మైల్డ్ స్టీల్‌కైతే పైముఖానికీ 12 డిగ్రీల వాలు ఇస్తాను. ఇత్తడికి అది వద్దు, చదునుగా వదిలేయండి. ఈ సంగతి తెలియక వాలుగా పట్టిన బిట్‌తో ఇత్తడి బుష్ తిప్పబోతే, టూల్ లోపలికి దూసుకుపోయి జాబ్ దాన్ని పట్టి ఉంచే చక్ నుంచి ఊడి గోడకు తగిలింది. కళ్లద్దాలు తప్పనిసరి, గ్రైండర్ దగ్గర చేతి తొడుగులు మాత్రం వద్దు. ఎర్రగా కాలిన బిట్‌ను నీళ్లలో ముంచకండి, సన్నని పగుళ్లు వస్తాయి.

గ్రైండర్‌తో పని అయిపోదు. నూనె సానరాయి మీద మూడు ముఖాలనూ రుద్ది, మొనను అర మిల్లీమీటరు గుండ్రం చేయండి. తర్వాత అంచును బొటనవేలి గోరు మీద మెల్లగా ఆనించండి. జారితే ఇంకా మొద్దుగా ఉన్నట్టు, పట్టుకుంటే పదును వచ్చినట్టు.

ఇంత చేసినా టూల్ ఎత్తు తప్పితే కోత కుదరదు. మిషన్ ఆపి, గుండ్రటి జాబ్‌కూ టూల్ మొనకూ మధ్య సన్నని స్టీలు స్కేలు నొక్కి చూడండి. నిటారుగా నిలిస్తే సరే. పైకొస మీవైపు వాలితే టూల్ కిందికి ఉన్నట్టు, అవతలికి వాలితే పైకి ఉన్నట్టు. కిందికి ఉంటే టూల్ అడుగున రేకు ముక్కలు పెట్టండి. నా మిషన్‌కు పాత హాక్సా బ్లేడు ముక్క సరిగ్గా సరిపోయింది.