మూడో టర్నుకే ఆగిపోయే డెక్

ప్రశ్న: మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో నలుగురం కమాండర్ పద్ధతిలో ఆడతాం. నా డెక్‌లో (కార్డుల కట్టలో) 31 ల్యాండ్లు, అంటే మిగతా కార్డులు ఆడటానికి కావాల్సిన శక్తిని, మానాను, ఇచ్చే కార్డులు. మూడో టర్నుకే మానా లేక చూస్తూ కూర్చుంటున్నాను. ఏం మార్చాలి?

జవాబు: ముందు ల్యాండ్లు 37 చేయండి. కమాండర్‌గా పెట్టుకున్న కార్డు పోగా డెక్‌లో 99 కార్డులు. నాలుగో టర్నుకు మీ చేతికొచ్చేవి 11. 31 ల్యాండ్లతో అయితే అందులో సగటున మూడున్నర కూడా రావు, 37తో నాలుగు దాటతాయి. చోటు కోసం ఆరేడు మానా ఖరీదున్న కార్డులే తీసేయండి. ఎంత ముద్దొచ్చినా చేతిలో మగ్గేవి అవే. ఆర్కేన్ సిగ్నెట్ లాంటివి, అంటే రెండు మానా ఖరీదుతో దిగి ఆపైన మానా ఇచ్చే కార్డులు, పది ఉండాలి.

ఎదుట ముగ్గురు, ఒక్కొక్కరికి 40 లైఫ్. ఒక్కో క్రీచర్‌నే (పోరాడే కార్డునే) చంపే కార్డులతో నెగ్గుకురాలేరు. బల్ల మీది క్రీచర్లన్నిటినీ ఒకేసారి ఊడ్చేసే కార్డులు మూడు పెట్టుకోండి. మీ క్రీచర్లన్నీ ఒకేసారి దించొద్దు, ఎదుటివాళ్ల దగ్గరా అలా ఊడ్చేసే కార్డులు ఉంటాయి!