బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీ జాగా

ప్రశ్న: నేను పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. చిన్నప్పటి నుంచి కుర్ర విలేఖరి టిన్‌టిన్ సాహసాల బొమ్మల కథలంటే ప్రాణం. ఈ మధ్య మా పదేళ్ళ అబ్బాయికి 2011లో స్పీల్‌బర్గ్ తీసిన టిన్‌టిన్ సినిమా చూపించాను. వాడు కళ్ళార్పకుండా చూశాడు. నాకూ నచ్చింది గానీ, పుస్తకంలో దొరికేదేదో తెరమీద దొరకలేదు. అదేమిటో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను. మీరేమంటారు?
*(ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై)*

జవాబు: మీకు వెలితిగా తోచడం సబబే. బొమ్మల కథలో కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది. థియేటర్లో అది దర్శకుడి చేతికి వెళ్ళిపోతుంది. మీరు అడిగిన ఆ సినిమా మూడు పుస్తకాలను కలిపి అల్లినది కనుక, వాటిలో ఒకటైన ‘ద సీక్రెట్ ఆఫ్ ద యూనికార్న్’నే పక్కన పెట్టుకుని చూద్దాం.

ఆ కథ బ్రసెల్స్‌లోని పాత సామాన్ల సంతలో మొదలవుతుంది. స్నేహితుడు కెప్టెన్ హాడాక్‌కు కానుకగా ఇద్దామని టిన్‌టిన్ ఒక చిన్న ఓడబొమ్మ కొంటాడు. కొన్నాడో లేదో, ఇద్దరు మనుషులు వచ్చి ఆ బొమ్మ తమకే కావాలని పట్టుబడతారు. మూర్ మార్కెట్ గుట్టల్లో పాత పుస్తకాలు ఏరుకుంటూ పెరిగిన మద్రాసు పిల్లలకు (1985లో అది కాలిపోయేదాకా నేనూ వాళ్ళలో ఒకణ్ణి) ఆ పేజీ మన ఊరిదే అన్నంత దగ్గరగా అనిపిస్తుంది. ఆ ఇద్దరిలో సఖరిన్ అనే గడ్డపాయనకు ఓడబొమ్మలు సేకరించడమంటే పిచ్చి. ఆయన ఇంట్లోనూ అచ్చం అలాంటి ఓడే కనిపించేసరికి దొంగ ఈయనేనని చదువుతున్న మనం నిశ్చయం చేసుకుంటాం. తీరా చూస్తే ఆయన్నే ఎవరో మత్తుమందుతో పడగొట్టి, ఆయన దగ్గరున్న పాత కాగితాన్ని ఎత్తుకుపోతారు. టిన్‌టిన్ సృష్టికర్త, బెల్జియం చిత్రకారుడు హెర్జే ఈ కథను తన దేశం జర్మనీ ఆక్రమణలో ఉన్న 1942, 43 సంవత్సరాలలో ‘ల స్వార్’ అనే దినపత్రికకు రోజుకొక వరుస బొమ్మల చొప్పున గీశారు. కాబట్టి ప్రతి వరుస చివరా రేపటి కోసం ఏదో ఒకటి మిగల్చవలసి వచ్చేది. ఆ మిగిలిన దాన్ని పట్టుకుని పాఠకులు ఒక పగలూ ఒక రాత్రీ అనుమానపడుతూ ఉండేవారు. సినిమాలో ఈ సఖరిన్‌ను ఓడదొంగ రెడ్ రాకమ్ వంశంవాడిగా, అసలు ప్రతినాయకుడిగా మార్చేశారు. కథకు దానివల్ల ఊపు వచ్చిన మాట నిజమే అయినా, తప్పుగా అనుమానించి నాలుక కరుచుకునే సుఖం ప్రేక్షకుడికి లేకుండా పోయింది. మీకు దొరకనివాటిలో ఇది ఒకటని నా నమ్మకం.

రెండోది అంతకంటే సూక్ష్మమైనది. అటక మీద దొరికిన పూర్వీకుడి దినచర్య పుస్తకం చదివి, ఆయన టోపీ నెత్తిన పెట్టుకుని, ఆయన కత్తి చేతబట్టి హాడాక్ కథ చెప్పే ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. ఒక గడిలో 1676 నాటి ఓడ మీద ఆ పూర్వీకుడు దొంగలతో పోరాడుతుంటాడు. పక్క గడిలో హాడాక్ తన గదిలోనే కత్తి ఝళిపిస్తుంటాడు. ఈ రెండు గడుల మధ్య ఉన్నది సన్నని తెల్లగీత మాత్రమే. రెండు శతాబ్దాలకు పైబడిన ఆ దూరాన్ని దాటించేది మన మనసు, అదీ మనకు తోచిన వేగంతో. చివరికి హాడాక్ తల పూర్వీకుడి చిత్రపటాన్ని చించుకుని అవతలికి వచ్చినప్పుడు, దేహం ఒకరిదీ ముఖం మరొకరిదీ అయిన ఆ బొమ్మ దగ్గర మనం ఎంతసేపైనా ఆగవచ్చు. నేను ఇప్పటికీ ఆగుతాను.

స్పీల్‌బర్గ్ ఈ తెల్లగీతను తెరమీదికి తేలేడు కనుక దాని బదులు మరొకటి వెతికాడు. సినిమాలో హాడాక్ ఎడారిలో దాహంతో అలమటిస్తూ ఉండగా ఇసుకతిన్నెలు సముద్రపు అలలై, తిన్నె మీదుగా ఓడ విరుచుకుపడుతుంది. ఎక్కడా కోత లేకుండా ఒక కాలం మరో కాలంలోకి కరిగిపోయే ఆ దృశ్యం కాగితం మీద సాధ్యం కానిది. బాఘర్ పట్టణంలో ముక్కలు చేయకుండా ఒకే షాట్‌గా నడిపిన తరుముడు కూడా అటువంటిదే. అనుసరణ అంటే గడులను వరుసగా కదిలించడం అనుకునేవారు ఈ రెండు ఘట్టాలనూ తప్పక చూడాలి. 1991లో మొదలైన 39 భాగాల టీవీ కార్టూన్ పుస్తకంలోని గడులను చాలా భక్తిగా అనుసరించింది. దానిమీద నాకు గౌరవమే గానీ, ఇంతటి ఉద్వేగం కలగలేదు.

ముఖం సంగతి మాత్రం ఎవరూ సరిదిద్దలేనిది. హెర్జే గీసిన టిన్‌టిన్‌కు కళ్ళంటే రెండు చుక్కలు, అంతే. ఆ ఖాళీ ముఖంలోకి పెరంబూరు కుర్రవాడు కూడా దూరిపోగలడు. నటుల కదలికలను కంప్యూటర్‌కు ఎక్కించి చర్మమూ వెంట్రుకలూ చేర్చిన సినిమా ముఖంలో ఆ చోటు లేదు, అక్కడ అప్పటికే ఒకరు ఉన్నారు.

ప్రశ్న: మా తరం ‘చందమామ’ చదివి, ‘పాతాళభైరవి’ చూసి పెరిగింది. ‘చందమామ’ జానపద సీరియళ్ళను ఇప్పుడు తెరకెక్కిస్తే బాగుంటాయా?
*(ఒక పాఠకురాలు, కోడంబాక్కం)*

జవాబు: బాగుంటాయమ్మా, అయితే రెండున్నర గంటల సినిమాగా మాత్రం వద్దు. 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1951లో ‘పాతాళభైరవి’ నిర్మించారు కనుక మనకు ఆ రెండూ ఒకే ఊటలోని నీళ్ళలా అనిపిస్తాయి. కానీ కె.వి. రెడ్డి గారు దర్శకత్వం వహించిన ఆ సినిమా ఒక్క విడతలో ముగిసేటట్టు అల్లినది. 1954లో ‘తోకచుక్క’తో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు అలా కాదు, నాయకుణ్ణి ఆపదలో వదిలి వచ్చే నెల దాకా పాఠకుణ్ణి కాచుకోబెట్టడమే వాటి ప్రాణం. ఆ ఎదురుచూపు పోకుండా ఉండాలంటే వారానికొక భాగం చొప్పున వచ్చే వెబ్ సిరీస్ సరైన రూపం. అన్ని భాగాలూ ఒకేసారి వదిలితే అది కూడా దండగే.

‘చందమామ’ చిత్రకారుడు చిత్ర గారి బొమ్మల గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాక్షసుడికి ఆయన కొన్ని గీతలే ఇచ్చారు, మిగతా భయాన్ని మనమే పూరించుకున్నాం. ప్రతి వెంట్రుకనూ కంప్యూటర్‌లో మొలిపిస్తే ఆ రాక్షసుడు పెద్దవాడవుతాడేమో గానీ భయపెట్టడు. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు ఇన్నేళ్ళ తరువాత కూడా గుర్తుండడానికి కారణం ఎస్.వి. రంగారావు గారి చూపూ, నడకా, మాటవిరుపూ. మార్కస్ బార్ట్లే కెమెరా మాయలు ఆ తరువాతే.

ప్రశ్న: కెప్టెన్ హాడాక్ తిట్లను తెలుగులోకి తేవడం సాధ్యమా?
*(ఒక కళాశాల విద్యార్థిని, అన్నానగర్)*

జవాబు: తప్పక సాధ్యం. పిల్లల పత్రికలో బూతు రాయరాదు కనుక హెర్జే శాస్త్రగ్రంథాల్లోనూ నిఘంటువుల్లోనూ ఉండే అరుదైన మాటలను కోపంగా పలికించారు. వాటి అర్థం ఎవరికీ పట్టదు, ధ్వనికి మాత్రం ఎదుటివాడు అదిరిపోతాడు. బెంగాలీలోకి తెచ్చినవారు టిన్‌టిన్ కుక్కపిల్ల స్నోయీని ‘కుట్టుష్’ చేసుకుని ఎంతో హాయిగా రాసుకున్నారు. మనకు ఇంకా మేలైన వనరు ఉంది. ‘మాయాబజార్’లో ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అనే మాటలు పుట్టించిన పింగళి నాగేంద్రరావు గారి దారి పట్టుకుంటే చాలు. వ్యాకరణం పుస్తకం, వైద్య నిఘంటువు ముందు పెట్టుకుని, మంచి గంభీరమైన పదాలను హాడాక్ గొంతులో పలికించి చూడండి: ‘ఓరి ద్రుతప్రకృతికమా! ఓరి అజీర్ణ చూర్ణమా! త్రికసంధి తెలియని జలగండమా!’ మీరు ఇంతకంటే గట్టివి కట్టి పంపితే వచ్చే సంచికలో అచ్చువేస్తాం.