గ్వాకమోలేకి మిక్సీ ఎందుకమ్మా!

ప్రశ్న: పోయిన నెల హైదరాబాద్‌లో ఒక మెక్సికన్ రెస్టారెంట్‌కి వెళ్లాం. మా టేబుల్ దగ్గరికే రాతి రోలు తెచ్చి, కళ్లముందే గ్వాకమోలే చేసిచ్చారు. ఇంటికొచ్చాక నేనూ చేశాను. రెండు అవకాడోలు, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు మిక్సీలో తిప్పి, కమ్మగా ఉంటుందని ఆవాల పోపు పెట్టాను. చేదుగా, జారుగా వచ్చింది. గంటకల్లా రంగు మారిపోయింది. మావారు ఒక్క ముద్ద తిని పెరుగు వేసుకున్నారు. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పెరుగు వేసుకుని ఊరుకున్నారంటే మీవారు మంచివారేనమ్మా. నేను మొదటిసారి చేసిన రోజు మా బ్రాడీపేట ఇంట్లో ఆ గిన్నె మూత రెండోసారి ఎవరూ తీయలేదు. నేనూ మీలాగే పోపు పెట్టాను, పైగా ఇంగువతో. అవకాడోకి బాగా వేడి తగిలితే చేదెక్కుతుంది. పండని కాయైనా చేదే. పోపు సంగతి ఇక మర్చిపోండి.

అక్కడ రోలు చూసి వచ్చి, ఇంట్లో మిక్సీ తీశారు చూడండి, అసలు తప్పు అదీ. గ్వాకమోలే రోటిపచ్చడి. మీరు అక్కడ చూసింది అగ్నిపర్వతపు నల్లరాతితో చెక్కి, మూడు కాళ్ల మీద నిలబెట్టిన రోలు, దాన్ని మెక్సికో వాళ్లు మొల్కహెతె అంటారు. గ్వాకమోలే అన్న పేరు కూడా మెక్సికో పాతకాలపు జనం అజ్టెక్కుల నావాటల్ భాషలోని ‘ఆవకమొల్లి’ నుంచి వచ్చింది. అంటే అవకాడో పచ్చడి అనే. (మన ఆవకాయకీ దానికీ చుట్టరికం లేదు లెండి.) అందులో పడే సరుకులు చూస్తే నాకు కుండమార్పిడి సంబంధం గుర్తొస్తుంది. మిరప అక్కడిది, పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దగ్గరికొచ్చింది. నిమ్మ ఆసియాది, స్పెయిన్ వాళ్ల చేత అక్కడికి వెళ్లింది. మన చిన్న నిమ్మకాయ, మెక్సికో వాళ్లు పిండే నిమ్మకాయ ఒకటే జాతి. కాబట్టి ఆ విషయంలో మీకు ఏ సూపర్‌మార్కెట్ గొడవా లేదు.

ఇక కాయ. సగం పని ఇక్కడే అయిపోతుంది. రెస్టారెంట్లలో ఎక్కువగా వాడేది హాస్ రకం, తోలు గరుకుగా ఉండి పండేకొద్దీ నల్లబడుతుంది. కాలిఫోర్నియాలో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్ రుడాల్ఫ్ హాస్ తోటలో మొలిచిన చెట్టు అది, 1935లో పేటెంట్ తీసుకున్నాడు. మన దగ్గర పండ్ల బండ్ల మీద కనిపించే నున్నటి, పెద్ద ఆకుపచ్చ కాయలు కొడగు, కొడైకెనాల్ వైపు నుంచి వస్తాయి. వాటిలో నూనె తక్కువ, నీరు ఎక్కువ. మీకు జారుగా వచ్చింది అందుకూ కావచ్చు, మిక్సీలో చితికిన టమాటా నీళ్లకూ కావచ్చు. ఆ కాయలే దొరికితే టమాటా మానేయండి.

అవకాడో చెట్టున పండదు, కోశాకే మెత్తబడుతుంది. గట్టికాయ తెచ్చుకుని, ఒక అరటిపండుతో కలిపి కాగితం సంచిలో చుట్టిపెడితే మూడు నాలుగు రోజుల్లో దారికొస్తుంది. బొటనవేలితో నొక్కి చూడకండి, అక్కడ మచ్చ పడుతుంది. అరచేతిలో పట్టుకుని మెల్లగా ఒత్తితే లోపలికి కాస్త లొంగాలి. పండాక ఫ్రిజ్‌లో పెడితే రెండ్రోజులు ఆగుతుంది. గింజ తీసేటప్పుడు కాయను చేతిలో పెట్టుకుని కత్తితో కొట్టకండి, చెయ్యి తెగుతుంది. చెంచా చాలు.

మూడు కాయలకి లెక్క చెబుతాను. రోట్లో ముందు అర చెంచా కల్లుప్పు, రెండు పచ్చిమిరపకాయలు, చిన్న ఉల్లిపాయలో పావు, గుప్పెడు కొత్తిమీర లేత కాడలు వేసి బాగా నూరండి. మెక్సికోలో సెరానో మిర్చి వేస్తారు, మన సన్న పచ్చిమిర్చి దానికి దగ్గరే. బజ్జీ మిర్చి వద్దు, కారం లేని పచ్చడి ఎవరికి కావాలి? ఈ ముద్ద తయారయ్యాకే అవకాడో గుజ్జు వేసి, పచ్చడిబండతో పదిసార్లు అదమండి, అంతే. సగం మెత్తగా, సగం ముక్కలుగా ఉండాలి. తరవాత ఇంకో పావు ఉల్లిపాయ సన్నగా తరిగి, చన్నీళ్లలో కడిగి పిండి కలపండి. మన ఎర్ర ఉల్లి ఘాటు అలా తగ్గుతుంది. గింజలు తీసిన టమాటా ఒకటి, కొత్తిమీర ఆకు వేసి, అరచెక్క నిమ్మరసం పిండి రుచి చూడండి. చప్పగా ఉంటే ముందు ఉప్పు వేయండి, నిమ్మ తరవాత. నాలుగు వెల్లుల్లి రెబ్బలంటే అవకాడో నోట్లో ఉందో లేదో కూడా తెలియదు. నేనైతే వేయను.

ప్రశ్న: మిగిలిన గ్వాకమోలేలో అవకాడో గింజ పెడితే నల్లబడదంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: గింజ కింద ఉన్నంత మేర నల్లబడదు, చుట్టూ మామూలే. కోసిన వంకాయ నల్లబడేదీ ఇదీ ఒకే రకం పని. గుజ్జులోని ఎంజైమ్‌కి గాలి తగలగానే రంగు మారుతుంది. వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో వేసి గాలి తగలకుండా చేస్తాం కదా, ఇక్కడా అదే ఉపాయం. గిన్నెలో గుజ్జుని చదునుగా నొక్కి, పైన ప్లాస్టిక్ కవర్‌ని గుజ్జుకి అంటుకునేలా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. నిమ్మరసం కూడా కొంత ఆపుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి తినేయండి. పైపొర కాస్త మారితే గీకి పారేస్తే సరి.

ప్రశ్న: గ్వాకమోలేతో తినే కార్న్ చిప్స్ ఇంట్లో చేసుకోవచ్చా? గ్వాకమోలేని అన్నంలో కలుపుకుంటే ఎలా ఉంటుంది?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: చిప్స్ జోలికి వెళ్లకు బాబూ. మెక్సికో వాళ్లు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బుతారు. అందుకే పిండి రొట్టెకి సాగుతుంది. మన బజారు పిండి విరిగిపోతుంది. పప్పుచెక్కలు కొనుక్కో, మరీ కారంగా లేనివి. వాటితో బ్రహ్మాండంగా కుదురుతుంది. వేడన్నంలో కూడా కలిపి చూశాను, నెయ్యి వేసినా లాభం లేకపోయింది. మిగిలింది మా మనవడు దోసెలో పెట్టుకుని తినేశాడు.