ఐపీ పెడితే ఇల్లు దక్కుతుందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. తెనాలిలో నాకు చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది, సొంత పేరు మీదే. శుభలేఖలు వాట్సాప్‌లోకి, బిల్లు పుస్తకాలు కంప్యూటర్లలోకి వెళ్లిపోయాయి. ఇల్లు తాకట్టు పెట్టి మిషను కోసం తీసుకున్న బ్యాంకు అప్పు ఇంకా 18 లక్షలుంది. రెండు కిస్తీలు కట్టలేదు. ప్రోనోట్ల మీద బయటి అప్పు మరో 9 లక్షలు. ఇద్దరికి ఖాళీ చెక్కులు కూడా ఇచ్చాను. ‘ఐపీ (దివాలా పిటిషన్) పెట్టెయ్, ఎవరూ నీ జోలికి రారు’ అంటున్నారు తెలిసినవాళ్లు. ఇల్లు ముందే మా ఆవిడ పేర రాసెయ్యమని బావమరిది సలహా. న్యూజెర్సీలో ఉన్న మేనల్లుడేమో, అక్కడ దివాలా పిటిషన్ వేస్తే ఇంటి వేలం ఆగిపోతుందంటాడు. ఏం చెయ్యమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు మీ బావమరిది మాట పక్కన పెట్టండి. దస్తావేజులు బ్యాంకులో ఉన్నాయి; ఇల్లు ఎవరి పేర మారినా తాకట్టు దాని వెంటే ఉంటుంది. పైగా రేపు ఐపీ పెడితే, అంతకు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తి బదిలీని కోర్టు రద్దు చేయొచ్చు. అప్పులవాళ్ల ప్లీడరు మొదట తీయించేది ఈసీయే, అంటే ఆస్తి లావాదేవీలన్నీ కనిపించే రిజిస్ట్రారు ఆఫీసు పత్రం.

ఇక ఐపీ. 2016 దివాలా కోడ్ గురించి పేపర్లలో చదివే ఉంటారు. అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే, 2019 డిసెంబరు 1 నుంచి అమలవుతోంది. మీకు వర్తించేది ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. అప్పు 500 రూపాయలుంటే చాలు, పిటిషన్ వేయొచ్చని అందులో ఇంకా అలాగే ఉంది! ప్రెస్ వేరు, మీరు వేరు కాదు కాబట్టి మిషన్లు, ఇల్లు అన్నీ జాబితాలో చూపాలి. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆస్తి కోర్టు నియమించే రిసీవరు చేతికి పోతుంది. ఆ తర్వాత కోర్టు ఇచ్చిన గడువులో డిశ్చార్జికి దరఖాస్తు పెట్టుకుని, అది మంజూరైతేనే పాత అప్పుల నుంచి విముక్తి. చాలామంది ఐపీ నంబరు పడగానే గండం గడిచిందనుకుని ఇంట్లో కూర్చుంటారు. గడువులో అడక్కపోతే ఆ ప్రకటనే రద్దవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, తాకట్టు ఉన్న బ్యాంకును ఐపీ ఆపదు. మీ మేనల్లుడు చెప్పింది అమెరికా వరకు నిజమే. అక్కడి దివాలా చట్టంలోని చాప్టర్ 13 కింద పిటిషన్ పడితే మామూలుగా వేలం ఆగుతుంది, ఇంటి బకాయిని మూడు నుంచి ఐదేళ్లలో తీర్చుకోవచ్చు. మనకా వెసులుబాటు లేదు. ఐపీ నడుస్తున్నా, తాకట్టు ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద ఇల్లు అమ్ముకోవచ్చు. చెక్కు బౌన్సు కేసు క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అదీ ఐపీతో పోదు. ప్రోనోట్ల వాళ్లు డిక్రీ తెచ్చుకుని అరెస్టు దాకా వస్తే రక్షణ అడగడానికి మాత్రం ఐపీ పనికొస్తుంది. అంటే మీ 27 లక్షల్లో 9 లక్షల సంగతికే.

నన్నడిగితే, ఈ వారమే బ్యాంకుకు వెళ్లండి. 90 రోజుల బకాయి దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. మీకింకా కొద్ది రోజులున్నాయి. ఇబ్బందుల్లో పడ్డ సూక్ష్మ, చిన్న సంస్థల అప్పులను, 25 కోట్ల లోపువైతే, ఎన్‌పీఏ కాకముందే పరిశీలించి సరిదిద్దడానికి 2015లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థల నమోదు పత్రం) లేకపోతే వెంటనే తీసుకుని, దాని నకలు జతచేసి కాగితం పెట్టండి. నెలకు ఎంత పని వస్తోంది, ఎంత కట్టగలరు, గడువు ఎంత పెంచాలి, అంతా అంకెల్లో రాయండి. కష్టాల కథ రెండు వాక్యాలు చాలు. ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. నేను రికవరీ విభాగంలో పనిచేసిన రోజుల్లో, ఫోను ఎత్తని మనిషి ఫైలే ముందు కదిలేది.

అప్పటికీ కుదరక సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు నోటీసు వస్తే, కవరు తిప్పి పంపకండి. 60 రోజుల గడువుంటుంది. రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. వన్‌టైమ్ సెటిల్‌మెంట్ (కొంత తగ్గించి ఒకేసారి తీర్చే ఒప్పందం) అడగండి కానీ, అది మీ హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇల్లు నిలవదని తేలిపోతే, వేలం ప్రకటన పడకముందే బ్యాంకు ఒప్పుకోలుతో కొనేవాణ్ని మీరే చూసుకోండి. వేలంలో కన్నా సాధారణంగా ధర బాగా వస్తుంది.

ప్రశ్న: మావారి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అప్పుకు నేను హామీ సంతకం పెట్టాను. కంపెనీ దివాలా తీస్తే నా ఫ్లాటుకు ఇబ్బందా?
— ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ఇబ్బందేనమ్మా. కంపెనీ సంగతి తేలినా హామీదారు బాధ్యత దానంతటదే పోదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. పై పాఠకుడికి లేని దారి మీకొకటి ఉంది. 2016 దివాలా కోడ్ కింద హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీ వ్యవహారాల ట్రిబ్యునల్‌లో) మీరే దరఖాస్తు వేయొచ్చు. ట్రిబ్యునల్ దాన్ని విచారణకు స్వీకరిస్తే అప్పుల మీద కేసులు తాత్కాలికంగా ఆగుతాయి. దానికి ముందు, మీరు సంతకం పెట్టిన గ్యారంటీ పత్రం నకలు బ్యాంకు నుంచి తెప్పించి, ఎంత మొత్తానికి హామీ పడ్డారో చదవండి.