డాక్టర్ సలహా: అరవైలో మారథాన్ పరిగెత్తొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 60 ఏళ్లు, టీచర్‌గా చేసి రిటైరయ్యాను. రోజూ పొద్దున్నే బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో గంటసేపు నడుస్తాను. తలసేమియా పిల్లల వైద్యం కోసం విరాళాలు సేకరించి, జనవరిలో ముంబైలో ఫుల్ మారథాన్ పరిగెత్తాలని ఉంది. డబ్బులిస్తామని కొందరు ఇప్పటికే మాటిచ్చారు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పిగా ఉంటుంది. ఫౌజా సింగ్ గారి గురించి చదివాక ధైర్యం వచ్చింది కానీ, మా అబ్బాయిలు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: టీచరమ్మ గారూ, పరిగెత్తండి. కానీ ఈ జనవరిలో 42 కిలోమీటర్లు మాత్రం వద్దు. పాస్‌పోర్టు లెక్క ప్రకారం ఫౌజా సింగ్ గారు 2000లో లండన్ మారథాన్ పరిగెత్తేనాటికి ఆయనకు 89 ఏళ్లు, 2011లో టొరంటోలో పూర్తి చేసినప్పుడు 100 ఏళ్లు. కాబట్టి వయసు అడ్డం అని నేను అనను. అడ్డం మీరు పెట్టుకున్న గడువు. పరుగు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఆయాసం తగ్గుతుంది, గుండె అలవాటు పడుతుంది. ఎముకలు, టెండన్లు (కండరాలను ఎముకలకు కలిపే పట్టీలు) గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది, అందులోనూ నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ల ఎముకల్లో బలం తగ్గుతుంది. ఊపిరి బాగానే ఆడుతోంది కదా అని దూరం పెంచేస్తే పాదంలోనో, మోకాలి కింద ఎముకలోనో సన్నటి చీలిక వస్తుంది. వేలితో నొక్కితే ఒక్కచోటే చురుక్కుమందంటే అదేనేమోనని అనుమానించాలి, ఇక ఆ రోజు నుంచి పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించాలి.

ఈసారి 10 కిలోమీటర్లు, వచ్చే ఏడాది హాఫ్, ఆ తర్వాత ఫుల్ పెట్టుకోండి. తలసేమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తీసేయడానికి మందులు వాడుతూనే ఉండాలి. ఏళ్ల తరబడి సాగే ఖర్చు అది. మీరు మూడేళ్లు వరసగా పరిగెత్తి, మూడుసార్లు డబ్బు పోగుచేస్తే వాళ్లకు మరింత మేలు.

మీ ఉత్తరంలో నన్ను బాగా టెన్షన్ పెట్టింది 'మాటిచ్చారు' అన్న ముక్క. పదిమంది డబ్బులిచ్చారు, ఇప్పుడు ఆగిపోతే ఏమనుకుంటారో అనే మొహమాటంతో ఛాతీ పట్టేసినట్టున్నా బిగబట్టుకుని పరిగెత్తేవాళ్లుంటారు, ముఖ్యంగా మంచి పని కోసం పరిగెత్తేవాళ్లు. అందుకని 'మధ్యలో ఆగిపోయినా, అసలు వెళ్లలేకపోయినా ఈ డబ్బు పిల్లలకే వెళుతుంది' అని ముందే అందరికీ చెప్పి, పరుగుకు ముందే ఆ సొమ్ము సంస్థకు చేర్పించేయండి. ఆడవాళ్లలో గుండె ఇబ్బంది ప్రతిసారీ ఛాతీ నొప్పిగానే రాదు. దవడ లాగడం, వీపు నొప్పి, చల్లటి చెమటలు, ఎప్పుడూ లేని నీరసం కూడా ఉండొచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మొదలుపెట్టే ముందు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి ఈసీజీ, 2డీ ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్, షుగర్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించుకోండి. ఎముకల సాంద్రత పరీక్ష కూడా మంచిదే. ట్రెడ్‌మిల్ టెస్ట్ నార్మల్ వచ్చినా పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే మళ్లీ వెళ్లాల్సిందే.

మీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది, సోడియాన్ని తగ్గించగలదు. దానికి తోడు మన గుంటూరు ఉక్కపోతలో చెమట కారిపోతుంటే, భయపడి దారిపొడుగునా మంచినీళ్లే తాగారంటే సోడియం ఇంకా పడిపోయి తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. దాహం వేసినప్పుడే తాగండి. గంట దాటే పరుగుల్లో ఓఆర్‌ఎస్ వాడొచ్చేమో, ఎంత తాగొచ్చో మీ బీపీ డాక్టర్‌నే అడగండి, ఎందుకంటే ఉప్పుతో బీపీ పెరుగుతుంది. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి, పెరిగిందంటే నీళ్లు ఎక్కువ తాగినట్టే. మాత్ర మాత్రం మీ అంతట మీరు మానకండి, మార్చాలో లేదో డాక్టర్ చెబుతారు.

మోకాలి కోసం డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం అసలు చేయొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మీరు వాడే బీపీ మాత్రతో కలిస్తే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మెట్లు దిగేటప్పుడు నొప్పంటే తరచూ మోకాలిచిప్ప దగ్గరి సమస్యే, తొడ కండరాలు బలపడితే చాలామందికి తగ్గుతుంది. ఫిజియోథెరపిస్ట్ దగ్గర వ్యాయామాలు నేర్చుకుని ఆరు వారాలు చేశాకే పరుగు మొదలుపెట్టండి. అప్పుడైనా ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, వారానికి మూడు రోజులే. పక్కనున్నవాళ్లతో ఆయాసం లేకుండా ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు.

మీ అబ్బాయిల భయం అర్థం చేసుకోదగ్గదే. ట్రెడ్‌మిల్ టెస్ట్‌కి ఒకరిని వెంటబెట్టుకెళ్లండి, అడగాలనుకున్నవన్నీ డాక్టర్‌నే అడుగుతారు. పరుగుకు వెళ్లిన ప్రతిసారీ మీ పేరు, బ్లడ్ గ్రూప్, వాడే మందులు, వాళ్ల ఫోన్ నంబర్ రాసిన చీటీ జేబులో పెట్టుకోండి.