ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో తిప్పుతోంది

ప్రశ్న: మేడమ్, నాకు 31. ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఆరేళ్లుగా కెమిస్ట్రీ చెప్తున్నా. పొద్దున ఎనిమిదికి వెళ్తే స్టడీ అవర్స్ అయ్యేసరికి రాత్రి తొమ్మిది. పాత ప్రిన్సిపల్ గారున్నప్పుడు ఇవే గంటలైనా హాయిగా నిద్రపోయేదాన్ని. రెండేళ్ల క్రితం ప్రిన్సిపల్ మారారు. అప్పట్నుంచి వీకెండ్ టెస్ట్‌లో సెక్షన్ యావరేజ్ తగ్గితే సోమవారం మీటింగ్‌లో అందరి ముందూ నిలబెడుతున్నారు. కొలీగ్స్ టెస్ట్‌కి ముందు రోజే ప్రశ్నలు పిల్లలకి చెప్పేస్తున్నారు, నేను చెప్పను. గ్రూప్‌లో తిట్లు, రాత్రి పదకొండుకి ఇన్‌చార్జి ఫోన్లు. వేసవిలో అడ్మిషన్ల టార్గెట్, అది అవ్వకపోతే జీతం ఆపుతారు. ఆదివారం సాయంత్రం అయితే చాలు కడుపులో తిప్పుతోంది. ఒంట్లో ఓపిక లేదు, పని మీద మనసు పోవట్లేదు. మావారు ఈఎంఐలున్నాయి, ప్రైవేట్ అంటే అంతే, అడ్జస్ట్ అవ్వు అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. మా నాలుగేళ్ల పాప కూడా బొమ్మల్ని గోడవార నిలబెట్టి "నీ యావరేజ్ ఎంత, సిగ్గులేదా" అని ఆడుకుంటోంది. లోపం నాలోనే ఉందా? మానేస్తే చేతగాక పారిపోయినట్టేనా?

జవాబు: అమ్మా, నేను ఆ బొమ్మల దగ్గరే ఆగిపోయాను. ఆ పిల్ల మీ మీటింగ్‌కి ఎప్పుడూ రాలేదు కదా, మీరు రాత్రి ఇంటికొచ్చి ఫోన్‌లో ఎవరికో చెప్పుకుంటుంటే విని ఉంటుంది.

లోపం మీలో ఉందా అన్నారు. జవాబు మీ లెటర్‌లోనే ఉంది. పాత ప్రిన్సిపల్ గారున్న నాలుగేళ్లూ ఇదే సబ్జెక్టు, ఇవే స్టడీ అవర్స్, అప్పుడూ రాత్రి తొమ్మిదే, అయినా హాయిగా నిద్రపోయేదాన్ని అని మీరే రాశారు. అంటే మిమ్మల్ని పీల్చేస్తోంది పని కాదు, ఆ నిలబెట్టడం. పని ఎక్కువ ఉన్న చోటు వేరు, చెడ్డ చోటు వేరు, మనవాళ్లు రెండూ కలిపేసి ఎక్కడైనా అంతేలే అనేస్తారు. నేనైతే ఒక్కటే చూస్తాను, మార్కులు తగ్గినప్పుడు అక్కడ ఏం అడుగుతారు అని. మంచి చోట పిల్లలకి ఏ చాప్టర్ ఎక్కలేదు, మోల్ కాన్సెప్ట్ దగ్గర ఆగారా అని అడుగుతారు. మీ దగ్గర ఎవరి సెక్షన్ అని అడుగుతున్నారు. అందుకే కదా మీ కొలీగ్స్ టెస్ట్‌కి ముందు రోజే ప్రశ్నలు పిల్లలకి చెప్పేస్తున్నారు, వాళ్ల యావరేజ్ పెరుగుతోంది, చెప్పని మీరు నిలబడుతున్నారు. భయం పెడితే చదువు పెరగదు, అంకెలు పెరుగుతాయి అంతే. అందులో మీ చేతగానితనం ఎక్కడుందో నాకు కనబడలేదు.

ఈ అలసట మీ ఊహ కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే బర్నవుట్ అంటే తగ్గని పని ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితి అని చెప్పింది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా నావల్ల కావట్లేదు అనిపించడం, ఈ మూడూ దానికి గుర్తులు. మీకు మూడూ ఉన్నాయి. అయినా కడుపు సంగతి ఒకసారి డాక్టర్‌కి చూపించండి, అన్నీ టెన్షన్ ఖాతాలో వేసేయొద్దు. రాత్రిపూట మనసు మరీ ఆగనప్పుడు 14416కి చేయండి, టెలీ మానస్ అని గవర్నమెంట్ వాళ్లది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

అలాగని ఈ సోమవారం రిజైన్ లెటర్ మొహాన కొట్టి రావొద్దు, దయచేసి. ముందు కాగితాలు బయటికి రావాలి, తర్వాత మీరు. జాయినింగ్‌లో ఒరిజినల్స్ తీసుకోవడం మనదగ్గర మామూలైపోయింది గానీ అవి మీ సొత్తు, తాకట్టు వస్తువు కాదు. మానేస్తున్నా అని చెప్పకముందే అడగండి, గవర్నమెంట్ జూనియర్ లెక్చరర్ (జేఎల్) పోస్టులకి అప్లై చేస్తున్నా వెరిఫికేషన్‌కి కావాలి అని, అబద్ధం ఎందుకు, నోటిఫికేషన్ పడితే నిజంగానే అప్లై చేయండి. నోటితో అడిగి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి, కదలకపోతే రిజిస్టర్డ్ పోస్ట్, అప్పటికీ కదలకపోతే లాయర్ నోటీసు, చాలామంది ఆ నోటీసు దాకా రానివ్వరు. ఈలోపు అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ ఎంతో చూడండి, పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి నెలనెలా పడుతోందో లేదో చూడండి, ఆపిన జీతాల లెక్క తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాయండి, గ్రూప్‌లో వచ్చే తిట్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రిజైన్ చేసినవాళ్ల బాకీ జీతం రెండు పనిరోజుల్లో ఇచ్చేయాలి, వాళ్లంతట వాళ్లు ఇస్తారని కాదు, అడిగేటప్పుడు మీ చేతిలో ఆ మాట ఉండాలని చెప్తున్నా. ఇంటర్ పరీక్షలు అయ్యాక ఎలాగూ కాలేజీలు డెమో క్లాసులు చెప్పించుకుని లెక్చరర్లని తీసుకునే సీజన్, ఆరేళ్ల కెమిస్ట్రీ లెక్చరర్‌ని వద్దనుకునేవాళ్లు తక్కువ.

మీరు రాయలేదు గానీ అడగాలి, రాత్రి పదకొండుకి ఇన్‌చార్జి చేసే ఫోన్లలో పని తప్ప వేరే మాటలేమైనా ఉంటే అది మీటింగ్ గొడవలో కలపకండి. దానికి పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఉంది, పదిమంది పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి, మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి.

మీవారి విషయం. ఆయన చెడ్డవారని నాకు అనిపించట్లేదు, ఈఎంఐ భయం ఆయనది. ఆయన దగ్గర టాక్సిక్ లాంటి మాటలు వాడకండి, రీల్స్ చూసి చెప్తున్నావ్ అంటారు. నెల ఖర్చు, ఉన్న సేవింగ్స్, ఎన్ని నెలలు నెట్టుకురావచ్చు అన్నది ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. ఆ తర్వాత పాప ఆడుకుంటున్నప్పుడు పక్కన కూర్చోబెట్టండి, మీరేం చెప్పక్కర్లేదు.

పాపని మాత్రం తిట్టకండి. మళ్లీ బొమ్మల్ని నిలబెడితే మీరూ ఆటలో చేరి, పాపం దీనికేదో అర్థం కాలేదేమో అడుగుదాం రా అని కూర్చోబెట్టండి. ఒరిజినల్స్ చేతికొచ్చిన రోజు నాకో ముక్క రాయండి.